బంగళా చిరునామాకు వచ్చిన బంగారు కార్డు

విమాన సంస్థలు మనుషులకు రంగులు పూస్తాయి. మొదట నీలం, తర్వాత వెండి, ఆ పైన బంగారం. ఎవరిది ఏ రంగో కౌంటరు దగ్గర పలకరింపులోనే తెలిసిపోతుంది. నీలానికి ఒక చూపు, వెండికి ఒక నవ్వు, బంగారానికి పేరుపెట్టి నమస్కారం. మా తాతగారి కాలంలో మా బంగళా వరండాలోనూ ఇలాంటి వరసే ఉండేది. కొందరికి కుర్చీ, కొందరికి బల్ల, కొందరికి మెట్టు. అది తప్పన్నారు, పోయింది, పోవలసిందే. అదే వరసను ప్లాస్టిక్ ముక్క మీద అచ్చువేసి ఇస్తే మాత్రం చదువుకున్నవాళ్ళంతా పర్సుల్లో పెట్టుకుని తిరిగారు. నేనూ తిరిగాను. అందుకు నా మీద నాకున్న కోపం ఇన్నేళ్ళైనా చల్లారలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నేను ఏలూరులో ఒక అద్దె వాటాలో ఉండేవాణ్ణి. నాతో మా మేనత్త ఉండేది. నన్ను పెంచింది ఆవిడే. కొల్లేరులో చేపల చెరువులున్న ఒక ఆసామి దగ్గర నాకు ఉద్యోగం. ఆయన చేపలు ఐసు వేసిన ట్రేలలో, లారీల మీద కలకత్తా వెళ్ళేవి. సరుకు మార్కెట్లో దిగేటప్పుడు తూకం దగ్గర, సైజులు ఏరే దగ్గర మన మనిషి నిలబడాలి. లారీ బయలుదేరాక నేను బయలుదేరి, అది చేరేలోగా నేను చేరాలి. అందుకని హైదరాబాదు దాకా రైలు, అక్కణ్ణుంచి విమానం. నా ఇంగ్లీషు చూసి, హిందీ చూసి, నలగని చొక్కా చూసి ఆయన నన్ను పెట్టుకున్నాడు.

ఆయన తండ్రి మా తాతగారి రోజుల్లో కొర్రమేనులు తెచ్చి బంగళా పెరటి మెట్ల మీద పెట్టి వెళ్ళేవాడు. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కాని ఆయన నన్ను ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు, "బాబుగారండీ" అనేవాడు. జీతమిచ్చేవాడి నోట ఆ పిలుపు వినడం కన్నా తిట్టు వినడం సులువు. వద్దని చెప్పడానికి నోరు వచ్చేది కాదు. మానేస్తాడేమోనని కూడా లోపల ఎక్కడో బెంగ ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మూడో ప్రయాణంలో అనుకుంటాను, విమానంలో ఒక అమ్మాయి వచ్చి ఫారం చేతిలో పెట్టింది. పూర్తిచేస్తే ఎగిరిన ప్రతి మైలూ నా పేరున జమవుతుందట, కొన్నాళ్ళకు ఉచితంగా ఎగరవచ్చట. ఫారంలో చిరునామా గడి ఉంది. ఏలూరులో మా వాటాకు నంబరు కూడా ఇంటివాళ్ళదే, మాది అదే నంబరు పక్కన ఒక గీత. అది రాయడానికి చెయ్యి రాలేదు. తాడేపల్లిగూడెం దగ్గర మా ఊరిపేరు, దాని పైన బంగళా పేరు రాశాను. బంగళా అమ్మేసి అప్పటికి పదేళ్ళు. కొన్నవాళ్ళు దాన్ని రైసుమిల్లు ఆఫీసు చేశారు. మేం భోంచేసిన హాల్లో బస్తాల నమూనాలు పెట్టుకున్నారు. ఆ మిల్లు గుమాస్తా మా ఊరివాడే. నా పేరున ఏదైనా వస్తే దాచి కబురు పెడతానన్నాడు. ఈమెయిలు అన్న గడి ఖాళీగా వదిలేశాను. నాకు అది లేదు.

నీలం కార్డు అక్కడికే వచ్చింది. వెండి కార్డూ వచ్చింది. రెండేళ్ళు తిరిగేసరికి బంగారు కార్డు వచ్చింది. కవరు మీద నా పేరు, ఇంటిపేరు, కింద బంగళా పేరు, ఇంగ్లీషులో మెరిసే అక్షరాలతో ఉన్నాయి. దాన్ని తేవడానికి తాడేపల్లిగూడెం దాకా బస్సులో వెళ్ళి, మా హాల్లో నిలబడి, మిల్లు గుమాస్తా చేతినుంచి అందుకున్నాను. ఆ రోజు బంగళా కాసేపు నాదే అనిపించింది. అలా అనిపించడం కోసమే ఆ చిరునామా రాశానేమో.

ఆ మైళ్ళు ఎవరికోసమో ఇక్కడ చెప్పాలి.

మా అత్తయ్యకు పదేళ్ళప్పుడు తాతగారు తన కొడుకులిద్దరినీ మద్రాసు నుంచి ఢిల్లీకి విమానంలో తీసుకెళ్ళారు. ఆవిణ్ణి మద్రాసు దాకా తీసుకెళ్ళి, విమానాశ్రయంలో కంచె బయట పనిమనిషి పక్కన నిలబెట్టారు. అన్నలకు ఇవ్వమని వాళ్ళమ్మ కట్టిన పులిహోర పొట్లం ఇవ్వడం మరిచిపోయి, విమానం లేచాక చేతిలో చూసుకుందట. ఈ కథ ఆవిడ ఏడుస్తూ చెప్పేది కాదు, నవ్వుతూ చెప్పేది. మేఘాలు పైనుంచి చూస్తే ఎలా ఉంటాయని తిరిగొచ్చిన అన్నల్ని అడిగితే, ఒకడు బూరుగు దూది అన్నాడట, ఒకడు నిద్రపోయానన్నాడట. ఆ నిద్రపోయినవాడే మా నాన్న.

ఆవిడకు నీటికాసులు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో చూపు అంచులనుంచి లోపలికి తగ్గుకుంటూ వస్తోందని, చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఇంకొంతకాలం నిలుస్తుందని డాక్టరు చెప్పాడు. ఎంతకాలమని అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆవిడ, కన్నుండగా ఒక్కసారి కిటికీ పక్కన కూర్చుని మేఘాలు చూస్తే చాలంది. ఢిల్లీకే తీసుకెళ్తానని, అది కూడా ముందు వరసలో వెడల్పు సీట్లలోనని, ఒకరి దయ లేకుండా నా సొంత మైళ్ళ మీదనని నేను మాటిచ్చాను. ఇద్దరికీ రానూపోనూ చాలినన్ని కావాలంటే ఇంకొక ఏడాది తిరగాలి. ఆగమన్నాను. ఆవిడ ఆగింది.

ఇక హోటలు సంగతి. కలకత్తాలో యజమాని నన్ను దింపే హోటలువాళ్ళదీ ఒక కార్డు ఉండేది. ఒకసారి గదిలోకి వెళ్ళేసరికి బల్లమీద బెత్తంబుట్ట నిండా పళ్ళు, పక్కన ఉత్తరం. మీవంటివారు మా ఇంట దిగడం మాకు గౌరవమని, కింద మేనేజరు సంతకం. నీలి సిరా. మీకు నవ్వు రావచ్చు, నాకు మాత్రం ఎవరో మా కుటుంబం సంగతి ఎరిగినవాడే రాశాడనిపించింది. ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో కలకత్తాలో ఉంటారు కదా. పళ్ళు తిన్నాను. బుట్ట ఖాళీ అయింది.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. మా వైపు చాలా ఇళ్ళలో ఉంది, మా ఇంట్లో మరీ గట్టిగా ఉండేది. ఎవరైనా గిన్నెలో ఏదైనా పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి పోకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు బెల్లమైనా వేసి పంపాలి. బంగళా పోయినా ఇది పోలేదు. నేను బుట్ట ఏలూరు తెచ్చాను. ద్వారకా తిరుమల దారిలో మాకు మిగిలినవి ఏడు మామిడి చెట్లు. అత్తయ్య స్వయంగా రసాలు ఏరి, గడ్డి పరిచి, బుట్టలో పేర్చింది. దాన్ని రైల్లో ఒళ్ళో పెట్టుకుని, విమానంలో కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఒక్క కాయ నలగకుండా కలకత్తా చేర్చాను.

హోటలు కౌంటరులో కూర్చున్న అమ్మాయికి నేను ఏమి చెబుతున్నానో అర్థం కాలేదు. మేనేజరుగారిని పిలవమన్నాను. ఉత్తరం మీద సంతకం ఉన్నాయన రెండేళ్ళ కిందటే బదిలీ అయ్యాడట, సంతకం అచ్చులో ఉండిపోయిందట. ఆ అమ్మాయి కంప్యూటరులో ఏదో చూసి, నిలువ సామానులో ఒక బుట్ట తగ్గినట్టుందని, తెచ్చినందుకు సంతోషమని చెప్పింది. బయటి తినుబండారాలు తీసుకోవడానికి తమకు అనుమతి లేదని కూడా చెప్పింది. చివరకు ఇప్పటి మేనేజరు వచ్చాడు. పాతికేళ్ళవాడు, మంచివాడే. మామిడిపళ్ళు వాసన చూసి మెచ్చుకుని, నేను చూపిన అభిమానానికి నా ఖాతాలో అయిదు వందల పాయింట్లు వేయిస్తానన్నాడు.

నా జీవితంలో చాలామంది నన్ను అవమానించారు. వాళ్ళకు నన్ను అవమానిస్తున్నామని తెలుసు. ఈ కుర్రాడికి తెలియదు. అత్తయ్య ఒంటికన్నుతో ఏరిన కాయలకు అతను పాయింట్లు కడుతున్నాడు. అవసరం లేదని చెప్పి బుట్టతో సహా బయటికి నడిచాను. కాయలు తలుపు తీసే ముసలి దర్వానుకు ఇచ్చాను. బుట్ట మాత్రం వాళ్ళకు ఇవ్వలేదు. నిలువలో ఒక బుట్ట తగ్గితే తగ్గనీ అనుకున్నాను. పాయింట్లు అడగకుండానే పడ్డాయని తర్వాత తెలిసింది.

ఇంత జరిగినా విమానం కార్డు మీద నా నమ్మకం పోలేదు చూడండి. హోటలువాడు వేరు, విమానంవాడు వేరు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే గన్నవరం నుంచి చౌక విమానాలు మొదలయ్యాయి. పేపరు నిండా వాటి వార్తలే. బస్సు టిక్కెట్టుకు కాస్త ఎక్కువ పెడితే హైదరాబాదుకు గంటలో దింపుతారట. అత్తయ్య ఆ ప్రకటన కత్తిరించి, నేను భోజనానికి కూర్చున్నప్పుడు కంచం పక్కన పెట్టింది. నేను దాన్ని చేత్తో కూడా ముట్టలేదు. సీటు నంబరు ఉండదు, పరుగెత్తి పట్టుకోవాలి, సంతలో గేదెల్ని తోలినట్టు తోలతారు, మన ఇంటి ఆడవాళ్ళు అలా ఎక్కరు అన్నాను. ఆవిడ కాగితం మడిచి మందు సీసా కింద పెట్టుకుంది. అప్పటికే గ్లాసు అందుకోవాలంటే ముందు బల్లంతా తడిమేది. అది నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూ ఇంకా ఆరు నెలలు ఆగమన్నాను.

సరస్సును ఆక్రమించారని సర్కారువాళ్ళు కొల్లేరులో చెరువుల గట్లు యంత్రాలతో కొట్టేశారు. మా యజమానివి సగం పోయాయి. లారీలు తగ్గాయి, నా ప్రయాణాలూ తగ్గాయి. అయినా కావలసిన మైళ్ళు అంతకు ముందే పూర్తయ్యాయి. వేసవి చివర్లో, మంచి రోజు చూసి, ఢిల్లీ టిక్కెట్లకోసం విమాన సంస్థ ఆఫీసుకు ఫోను చేశాను. వాళ్ళు ఇప్పుడు ఆ సంస్థ కారట. ఇంకో సంస్థ దాన్ని కొనేసిందట. పాత మైళ్ళు కొత్త ఖాతాలోకి మార్చుకోవడానికి మూడు నెలలు గడువిచ్చి, సభ్యులందరికీ రెండుసార్లు ఉత్తరాలు రాశారట. గడువు దాటి నలభై రోజులైంది. ఏ చిరునామాకు పంపారని అడిగాను. ఫోనులో అమ్మాయి బంగళా పేరు అక్షరం అక్షరం చదివి వినిపించింది.

ఆ సాయంత్రమే తాడేపల్లిగూడెం వెళ్ళి, అక్కణ్ణుంచి మిల్లుకు వెళ్ళాను. మా ఊరి గుమాస్తా మానేసి ఏడాదయిందట. కొత్తవాడు సొరుగు లాగి చూపించాడు. నా ఉత్తరాలు రెండూ ఉన్నాయి, ఒకదాని మీద టీ గ్లాసు మరక. ఎవరివో తెలియక ఉంచామండి, ఈ పేరుగలవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు కదండీ అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

తిరిగి వచ్చే బస్సులో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకున్నాను. ఒక సంస్థ ఇంకో సంస్థను మింగితే నేను ఎగిరిన ఆకాశం ఎలా రద్దవుతుంది? ఎగిరాను కదా. రైల్లో నడుము విరిగేలా కూర్చుని, తెల్లవారి విమానం ఎక్కి, చేపల తూకం దగ్గర బురదలో నిలబడి, ఆ మైళ్ళు సంపాదించాను కదా. మా పొలాలు పోయినప్పుడు కాగితం మీద సంతకాలైనా జరిగాయి. ఇవి పోయేటప్పుడు నా సంతకం కూడా అక్కర్లేకపోయింది. ఏలూరు చేరేలోగా ఈ కోపమంతా తిరిగి తిరిగి చిరునామా గడి దగ్గరకే వచ్చి ఆగింది.

యజమానికి చెప్పకుండా ఉండలేకపోయాను. నా మొహం చూసి ఆయనే అడిగాడు. అంతా విని ఇలా అన్నాడు.

"బాబుగారండీ, ఒక్కమాట చెప్పనాండి. చేప నీళ్ళలో ఉన్నంతసేపూ మనది కాదండి. ట్రేలో పడ్డాకే మనది. మా గట్లు కొట్టేసిన రోజున నాకు తెలిసొచ్చిందండి. మీ మైళ్ళు కూడా నీళ్ళలోనే ఉండిపోయాయండి."

నాకు ఒళ్ళు మండింది. చేపకూ నేనిచ్చిన మాటకూ పోలిక ఏమిటనుకున్నాను. పోలిక సరిగ్గా ఉంది కనకనే మండింది.

మూడో రోజున ఆయన డ్రైవరు మా వాటాకు ఒక కవరు తెచ్చాడు. గన్నవరం నుంచి హైదరాబాదుకు రెండు టిక్కెట్లు, ఆయన భార్య పేరున ఒకటి, మా అత్తయ్య పేరున ఒకటి. వచ్చే ఆదివారం ఆయన భార్య వైద్య పరీక్షలకు హైదరాబాదు వెళుతోందట, ఒక్కతే వెళ్ళడానికి భయపడుతోందట, అమ్మగారు తోడు వస్తే ఉపకారమట. ఆవిడకు భయమూ లేదు, తోడూ అక్కర్లేదు. నెలకోసారి వెళుతూనే ఉంటుంది. నేను కవరు మూసి, వీలుపడదని చెప్పమని డ్రైవరుకు తిరిగి ఇవ్వబోయాను.

లోపలినుంచి అత్తయ్య గోడ పట్టుకుని వచ్చింది. "ఇలా తే," అంది.

"వాళ్ళ టిక్కెట్టు మీద మీరు వెళ్ళడమేమిటి అత్తయ్యా? వాళ్ళ నాన్న మన పెరటి మెట్ల దగ్గర..."

"తెలుసు. ఆ కొర్రమేనులు తిన్నది మనమే కదరా."

ఈసారి నేను తీసుకెళ్తానన్నాను. టిక్కెట్లు నేనే కొంటాను, జీతం రానివ్వండి అన్నాను. డ్రైవరు గడప బయట నేలచూపులు చూస్తున్నాడు.

"పోయేది నా కన్నురా. నీ పరువు ఎక్కడికీ పోదు. బంగళా చిరునామాకు ఉత్తరం రాసుకో, వస్తుంది."

నా వయసు అప్పటికి నలభై ఆరు. ఒక డ్రైవరు ముందు నన్ను అంతమాట అన్నవాళ్ళు లేరు. కవరు ఆవిడ చేతికి ఇచ్చేశాను.

ఆదివారం గన్నవరంలో అద్దాల తలుపు దాకా దింపాను. యజమాని, నేను బయట నిలిచాం. ఆడవాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన పది నిమిషాలకు జేబులో చుక్కల మందు సీసా తగిలింది. పన్నెండింటికి వెయ్యాలి. తలుపు దగ్గర తుపాకీ పట్టుకున్న జవానుకు చెప్పాను. టిక్కెట్టు లేకుండా పంపనన్నాడు. నేను ఏమి చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. పర్సు తీసి బంగారు కార్డు చూపించాను. రద్దయిపోయిన సంస్థది, గడువు దాటినది. అతను దానివంక చూడను కూడా చూడలేదు. నేను గొంతు పెంచాను. అప్పుడు యజమాని నా చేతిలోంచి సీసా మెల్లగా తీసుకుని, వచ్చీరాని హిందీలో, ముసలావిడ, కళ్ళు, మందు అని మూడు ముక్కలు చెప్పి చేతులు జోడించాడు. జవాను సీసా తీసుకుని లోపలికి పంపించాడు.

విమానం లేచింది. ఎండకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని చూశాను. కంచె బయట ఈసారి నిలబడింది నేను. ఆ ఆలోచన కూడా కోపంగానే వచ్చింది.

ఆవిడ మర్నాడు తిరిగి వచ్చింది. కారులో ఏలూరు చేరేదాకా ఆపకుండా చెబుతూనే ఉంది. కిటికీ బయట ఫ్యాను తిరిగి తిరిగి అసలు లేనట్టే అయిపోయిందట. కింద నీళ్ళు ముక్కలు ముక్కలుగా అద్దాల్లా కనిపించాయట. యజమాని భార్య తనను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఏది ఎటు వస్తోందో ముందే చెబుతూ కూర్చుందట. మేఘాలు బూరుగు దూదిలా లేవట. "మీ పెదనాన్న ఉత్త అబద్ధాలకోరు. దున్నిన పొలంలా ఉన్నాయిరా, తెల్లగా," అంది. ఆ మాట మొదట విన్నది నేను కానందుకు ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. ఆ ఏడాది చివరకు కుడి కన్ను కూడా పోయింది. నా మైళ్ళకోసం, నా ఢిల్లీకోసం ఆగి ఉంటే ఏమయ్యేదో లెక్క వేసుకోవడం నాకు చేతనవును. వేసుకోను.

ఇంటికి రాగానే ఆవిడ అటకమీద నుంచి కలకత్తా బుట్ట దింపించింది. మా చెట్లమీది చివరి రసాలు కోయించి తెప్పించింది. వాటిని తడిమి, వాసన చూసి ఏరింది. బుట్ట నేనే తీసుకెళ్ళి ఇవ్వాలంది, డ్రైవరు చేత పంపితే ఒప్పుకోనంది. వెళ్ళాను. యజమాని ఇంటి వీధి గుమ్మం ముందు బుట్ట పట్టుకుని నిలబడ్డాను. ఆయన బయటికి వచ్చి, రెండు చేతులా అందుకుని, లోపలికి రండి బాబుగారండీ అన్నాడు. ఆయన పాయింట్లు వేయలేదు. లోపలికి వెళ్ళి, వేసిన కుర్చీలో కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగాను.

వారం తిరక్కుండా బుట్ట మా గుమ్మంలోకి వచ్చింది. తామరాకుల మధ్య రెండు కొర్రమేనులు, ఇంకా తోకలు ఆడిస్తూ ఉన్నాయి. డ్రైవరు వాటిని పెరటివైపు తీసుకెళ్ళబోయాడు. మా వాటాకు పెరడు లేదు. వీధి గుమ్మంలోనే అందుకున్నాను.

అత్తయ్య చేపల్ని చేత్తో తడిమి బరువు చూసింది. బుట్ట కడిగి ఎండలో పెట్టమంది. కాయలు అయిపోయాయి కదా, ఈసారి దాంట్లో ఏమి పెట్టి పంపుదామని నన్ను అడిగింది.